వైరు ఉన్నదే ఉంచాను

ఏమండీ, డ్యూటీకి వెళ్తున్నాను. కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. మీరు చూడ్డానికి తెప్పించుకున్న రెండు హెడ్‌సెట్లలో వైర్‌లెస్‌ది పెట్టెలో సర్దేశాను. సాయంత్రం షాపువాళ్ళు వస్తే ఇచ్చేయండి. వైరుదైతే ఛార్జింగ్ గోల ఉండదని మీరే అన్నారుగా.

నిన్న వైర్‌లెస్‌ది పెట్టుకుని వంటింట్లోకి వచ్చి, "తిన్నావా? నీకోసమే చూస్తున్నా" అన్నారు. గిన్నెలు తోముతూనే, "ఇంకా లేదండీ, కలిసి తిందాం" అన్నాను. మీరు మంచినీళ్ళ సీసా తీసుకుని, ఆన్‌లైన్ ఆటలో ఉన్న ఫ్రెండుతో నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. కోపం కూడా రాలేదు. రెండో కంచం మళ్ళీ అలమరలో పెట్టేశాను.

వైరుదైతే తీసేసి రావాలి. అప్పుడు మీరేమడిగినా నన్నే అనుకుంటాను.

అన్నట్టు, వైరు సాగదీసి చూశాను. వంటింటి గుమ్మం దాకా రాదు.