అత్తయ్య పెట్టిన వంక

పెనంలో టమాటా గుజ్జు, క్యాప్సికం, క్యారెట్ మగ్గి ఉన్నాయి. సన్న సెగ మీద వేడి చేసి, గరిటెతో గుంటలు చేసి మూడు గుడ్లు కొట్టి వేయండి. కలపొద్దు. మూత పెట్టి, తెల్లసొన గట్టిపడగానే దించేయండి.

హడావుడిగా రాస్తున్నాను, అందుకే రాత ఇలా ఉంది. పక్షవాతంతో మాట పడిపోయిన అత్తయ్య ఇవాళ మాట్లాడారు! పదకొండు నెలల తర్వాత! రోజూలాగే ఈ గుజ్జు చెంచాతో నోట్లో పెట్టాను. ముఖం చిట్లించి, "ఉప్పు చాల్లేదే" అన్నారు. చెంచా జారిపోయింది. అక్కడే చతికిలబడ్డాను.

ఇన్నాళ్లూ తినిపించి, తల దువ్వితే, నోరు విప్పి మొదట నాకు వంకే పెట్టారు చూడండి. అయినా ఆవిడ చేయి పట్టుకుని, "ఇంకో వంక పెట్టండి అత్తయ్యా" అని ఏడ్చేశాను.

మీకు ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తితే కదా! డాక్టరు సాయంత్రం వస్తానన్నారు. నాకు డ్యూటీకి ఆలస్యమైంది. మీరొచ్చేదాకా పక్కింటి పిన్ని ఉంటుంది.

అన్నట్టు, చెప్పులేసుకుంటుంటే అత్తయ్య మళ్లీ పిలిచారు. "వాడు తిన్నాడా?" అని అడిగారు. మీ అబ్బాయే వచ్చి చెప్తారన్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని మీరే చెప్పండి.