సబ్బుపొడి డబ్బా వెనక

వయాలా,
ఆదివారం ఉదయం

అమ్మకు,

నీ బ్రోనీ రాస్తున్నది. పాపా నేనూ బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి నెమ్మదించిందనీ, అక్కడ బర్నీలో చలి ముదరకముందే హీటరు బాగుచేయించుకున్నావనీ తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. అక్షరాలు నిలకడగా ఉన్నాయి, పొద్దున రాసి ఉంటావు. నేను ఫోను చేయకుండా ఉత్తరం రాయడమూ అందుకే. సాయంత్రం ఫోనులో చెప్పింది తెల్లారేసరికి నీకు గుర్తుండదు.

టిల్లీ పాలు సరిగ్గా తాగుతోందా అని అడిగావు. తాగుతోంది, ఒళ్లు చేసింది. కడుపుతో ఉన్న మొదటి నెలల్లో నేను మందు తాగిన దాని ఫలితం ఏమైనా ఉందా అన్నది ఇప్పుడే చెప్పలేరట, పెరిగేకొద్దీ చూడాలన్నారు డాక్టర్లు. ఆ మాట విన్నప్పటి నుంచీ దాని ముఖంలోకి చూడటమే నా పనైపోయింది. నవ్వితే అచ్చం నువ్వే. టిల్లీ వాళ్ల నాన్న నుంచి కబురేమీ లేదు.

నోలీన్ ఎవరు, నర్సా, మనింటి గుట్టు ఆమెకెందుకు అని కోపంగా రాశావు. నర్సు కాదమ్మా. ఆమె కూడా ఒకప్పుడు కడుపుతో ఉండి తాగిన మనిషే. మొదటి కొడుకును ప్రభుత్వం వాళ్లు ఆమెను పెంచుకోనివ్వలేదు. ఇప్పుడు నాలాంటి వాళ్లకు తోడుండటమే ఆమె ఉద్యోగం. ఐదో నెలలో నేను డాక్టరుకు అబద్ధాలు చెప్పి వచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చుంటే, నా పక్కనే చతికిలబడింది.

"లోపల నిజం ఎంత చెప్పావు? సగమా?" అంది.

"పావు" అన్నాను.

"నయమే. నేనైతే చుక్క ముట్టనని ఒట్టేశాను. గదంతా గుప్పుమని వాసన!" అని పకపకా నవ్వింది.

ఆ రోజుల్లో నన్ను చూసి జాలిపడకుండా నవ్విన మనిషి ఆమె ఒక్కతే.

కడుపుతో ఉన్నన్నాళ్లూ అందరూ నన్ను కనిపెట్టుకునే ఉన్నారు. కాన్పు కాగానే అందరి చూపూ ఉయ్యాల మీదికి మళ్లింది. పాత స్నేహాలన్నీ తాగుడు స్నేహాలే కనుక నేనే తెంచుకున్నాను. కొత్తవి ఇంకా కలవలేదు. మధ్యాహ్నాలు ఎంతకీ తెమలవు. కొన్ని రోజులు నాతో మాట్లాడే మనిషి దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి ఒక్కతే. అది కూడా "సంచి కావాలా?" అంటుంది, అంతే.

ఇంతసేపూ అసలు సంగతి చుట్టూ తిరుగుతున్నాను. నువ్వు పురిటికి వచ్చి వెళ్లాక, పాప గుడ్డలు ఉతకబోతే, సబ్బుపొడి డబ్బా వెనక నీ బ్రాందీ సీసా దొరికింది. సగం ఉంది.

మూత తీశాను. తాగలేదు, వాసన చూశాను. తాగాలనిపించడానికి ముందే నువ్వు గుర్తొచ్చావు. వంటింటి బల్ల, పేకముక్కలు, నీ గ్లాసు, నా గ్లాసు. అమ్మా, మనిద్దరం కలిసి నవ్వుకున్నదంతా ఆ బల్ల దగ్గరే. తాగుడు మానేస్తే పోయేది తాగుడొక్కటే అనుకున్నాను. నువ్వు కూడా దాంతో పాటు వెళ్లిపోయావు. పక్కగదిలో టిల్లీ ఏడుస్తూనే ఉంది. అది నా చెవిన పడేసరికి పిల్ల గొంతు బొంగురుపోయింది.

నోలీన్‌కు ఫోను చేశాను.

"పారబోసేస్తా" అన్నాను.

"ముట్టుకోకు. అలాంటప్పుడు చేతులు మన మాట వినవు. పిల్లనెత్తుకుని వాకిట్లోకి నడు. నేను వచ్చేదాకా ఫోను పెట్టెయ్యకు."

వచ్చింది. వచ్చి బట్టలుతికే గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నేనూ లోపలికి రాలేను తల్లీ. ఇన్నేళ్లయినా నోరూరుతోంది" అంది. ఇద్దరం పిల్లతో వాకిట్లో దిక్కుతోచక నిలబడ్డాం. చివరికి నోలీన్ కంచె మీదుగా పక్కింటి మిర్కోను పిలిచింది. ముసలాయన సీసా తెచ్చి ఎండలో ఎత్తి చూశాడు.

"ఇంత మంచి సరుకు! ఇద్దరూ కలిసి ఒక సీసాకు జడుసుకున్నారా?"

"అవునయ్యా, జడుసుకున్నాం. నోరు మూసుకుని పారబొయ్యి" అంది నోలీన్.

ఆయన మా ముఖాలు చూశాడు. తన టమాటా పాదులో ఒంపేసి, సీసాను కుళాయి కింద పెట్టి కడిగాడు. వాసన పోయిందో లేదో చూసుకుని మళ్లీ కడిగాడు.

నువ్వు కావాలని వదిలి వెళ్లావని అనను. నాకు కోపం లేదు. వచ్చే నెల వచ్చి చలికాలమంతా ఉంటానని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో. ఇంట్లో ఇంకో మనిషి అలికిడి, నా చేతికి ఎవరో అందించే టీకప్పు, ఇవన్నీ తలుచుకుని ఏడ్చాను. రావద్దని రాసేయనా అని నోలీన్‌ను అడిగితే, "అది నేను చెప్పే మాట కాదు, ఆమె మీ అమ్మ. రాసేటప్పుడు పక్కన కూర్చోమంటే కూర్చుంటా" అంది. వద్దన్నాను. ఇది ఒక్కదాన్నే రాయాలి.

తాగకుండా ఉండగలిగితే రా అమ్మా. ముందు గది నీదే. మానడానికి తోడు కావాలంటే బర్నీలోనూ అలాంటివాళ్లు ఉన్నారట, నోలీన్ కనుక్కుంది. అలా కాక తాగి వచ్చినా, సంచిలో పెట్టుకుని వచ్చినా, నువ్వు వాకిట్లో నిలబడి నా పేరు పెట్టి పిలుస్తావు. నేను పాపనెత్తుకుని తలుపుకు ఇవతల నిలబడి వింటాను. ఏడుస్తాను గానీ, తలుపు తీయను.

ఇట్లు,
నీ కూతురు, టిల్లీ వాళ్లమ్మ,
బ్రోనీ