నాలుగో చిత్రానికి ఒక రోజు

విశాఖపట్నం, 12-4-1998

గౌరవనీయులైన సంబంధిత అధికారుల సముఖానికి, బొమ్మలు వేయడానికి ఎండ బాగుంటుందని తమరు జాలరిపేటలో ఏర్పరచిన చిత్రకారుల శిబిర నిర్వాహకుడు విన్నవించునది:

ముగ్గురు చిత్రకారులు వేర్వేరు రోజుల్లో, ఎదురుగా కనిపించిన ఒకే జాలరిని చిత్రించారు. అతడు మొదటి చిత్రంలో అలల్లో, రెండోదానిలో ఇసుక మీద, మూడోదానిలో ఆ పేటలోనే ఉండే పాపాయమ్మ ఇంటి గుమ్మం ముందు ఉన్నాడు.

పాపాయమ్మ ఆ చిత్రాలు చూసి, "మా పైడయ్యే బాబూ! పోయినేడు సంద్రం మీద ఏటకెల్లి రానేదు. శవం దొరకనేదని నాను బొట్టు తియ్యనేదు" అన్నది.

చిత్రకారులు వెంటనే పెట్టెలు సర్దుకున్నారు. ఆమె మాత్రం గడపకు పసుపు రాసి, లోపల పీట వేసింది. "ఇంకొక్క బొమ్మెయ్యమనండి బాబూ, లోపలికొచ్చేత్తాడు."

శిబిరం నేటితో ముగుస్తుంది. పొడిగింపునకు ఆధారం చూపాలన్న నిబంధన మేరకు, ఆమె గుమ్మం ముందు తడి అడుగులు ఇంకా ఆరలేదని ధ్రువీకరిస్తున్నాను.

కావున డిమాండు నం. 1: శిబిరాన్ని ఒక్క రోజు పొడిగించి, భయపడని చిత్రకారుణ్ణి ఒకరిని పంపవలెను.