గోళ్ళరంగు తూటా

అక్టోబరు 3, శుక్రవారం

ఇడ్లీలు చల్లారిపోయాయి. ఈయన లేవడం లేదు. ఫోన్‌లో రెండు రైఫిళ్ళ ఫొటోలు పెట్టుకుని పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఒకటి త్రీ సెవెంటీ ఫైవ్, చిన్న తూటాది. రెండోది ఫోర్ ఫిఫ్టీ ఎయిట్, తూటా నా బొటనవేలి కంటే పొడుగు. రెండూ అబూ సాలింవే. ఒకప్పుడు ఈయన బాస్, రిటైరయ్యాక స్నేహితుడు. జాంజిబార్‌లో పుట్టిన ఒమానీ. డిసెంబరులో టాంజానియా వెళ్తున్నాడు, అడవి దున్న వేటకి. నువ్వూ రా, రెండింట్లో ఒకటి నీది అన్నాడట.

“ఏది తీసుకోమంటావు వసూ?”

యముడి వాహనాన్ని కొట్టడానికి వెళ్తూ నన్ను సలహా అడుగుతున్నారు! జనవరిలో అరవై నిండుతాయి ఈ మనిషికి. ఆ నెలలోనే కాంట్రాక్టు ముగింపు, సామాను సర్దుకుని హైదరాబాద్.

చిన్నది తీసుకోండి అన్నాను. మొహం ముడుచుకున్నారు.

అక్టోబరు 4, శనివారం

పెద్దదే కావాలట. ఈయన తాతగారి రైఫిల్ ఫోర్ సెవెంటీ, రెండు గొట్టాలది. దానికి తీసిపోకూడదట. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టు... నోటిదాకా వచ్చింది, మింగేశాను.

తాతగారి ఫొటో హాల్లో ఏసీ పక్కన ఉంది. చచ్చిన దున్న మీద కాలు, చేతిలో ఫోర్ సెవెంటీ. గోదావరి మన్యంలో తీసింది. రాజమండ్రి నుంచి మస్కట్‌లో ఈ అల్ మవాలే దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు ఈయన. దుమ్ము తుడిచేది మాత్రం నేను.

అక్టోబరు 7, మంగళవారం

అబూ సాలిం రైఫిల్ పెట్టె ఇంటికి తెచ్చి చూపించాడు. మూత తీయగానే ఆ వాసన. తుపాకి నూనె, అవిసె నూనె, పాత అక్రోటు చెక్క. టీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళి గట్టు పట్టుకుని నిలబడ్డాను. మా నాన్న, బాపు, పోయి ఎనిమిదేళ్ళు. ఆయన చొక్కా ముక్క కూడా నా దగ్గర లేదు. వాసన మాత్రం ఇక్కడ, మస్కట్‌లో, పరాయివాడి పెట్టెలో.

బాపుది హైదరాబాద్‌లో తుపాకులు బాగుచేసే షాపు. నేను డిగ్రీ చదివే రోజులకి వేట ఆగిపోయి చాలా ఏళ్ళైంది. పెద్దింటి రైఫిళ్ళన్నీ ముసలివాళ్ళలా వైద్యానికి వచ్చేవి. మధ్యాహ్నాలు నేనే షాపులో కూర్చునేదాన్ని. వచ్చిన ప్రతివాడూ పులి కథ చెప్పేవాడు. బాపు అన్నీ వినేవాడు, గొట్టంలో గుడ్డ తిప్పుతూ. వాళ్ళు వెళ్ళాక నాతో – “తూట పెద్దగుంటె పెద్ద వేటగాడు కాదు బిడ్డా. కండ్లు తెరిచి కాల్చేటంత పెద్దగుంటె సాలు.”

అబూ సాలిం టీ తాగుతూ భాభీ, ఎందుకు ఏడ్చావు అన్నాడు. ఉల్లిపాయలు అన్నాను. టీలో ఉల్లిపాయలేమిటో అతను అడగలేదు, మంచివాడు.

అక్టోబరు 10, శుక్రవారం

షూటింగ్ క్లబ్. ఫోర్ ఫిఫ్టీ ఎయిట్ మూడుసార్లు పేల్చారు. నా గుండెలో పిడుగు పడ్డట్టైంది, చెవులకు మఫ్లు ఉన్నా.

అక్కడ టార్గెట్లు మార్చే డ్యూటీ లింబన్నది. నిజామాబాద్ వైపు మనిషి, మబేలాలో రూమ్. తెలుగు వినపడగానే అక్కా అని వచ్చేశాడు. టార్గెట్ కాగితం తెచ్చి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఒక్క చిల్లు లేదు.

“సారు భుజం జూడుండ్రి అక్కా, కమిలిపోయింది. దున్నకంటె ముందు తుపాకే గుద్దింది.”

నవ్వాను. ఈయన నవ్వలేదు.

అక్టోబరు 11, శనివారం

పసుపు పట్టు వేశాను. చొక్కా నేనే తొడిగాను. అయినా పెద్దదేనట.

అక్టోబరు 14, మంగళవారం

ఆయన ఆఫీసుకి వెళ్ళాక తాతగారి ఫొటో తుడుస్తూ ఆ ఫోర్ సెవెంటీనే చూస్తూ ఉండిపోయాను. ఆ రైఫిలే ఈ మనిషిని నా ముందుకు తెచ్చింది.

బాపుకి ఒక పద్ధతి ఉండేది. తుపాకి తిరిగి ఇచ్చేముందు, ఆదివారం, ఊరి బయట రేంజ్‌కి రమ్మనేవాడు. రెండు నిజం తూటాలు, వాటిలో కలిపి మందు లేనిది ఒకటి. ఏది ఎప్పుడు వస్తుందో కాల్చేవాడికి చెప్పడు. నిజం తూటా పేలితే ఆ అదురులో మనిషి బెదిరింది తెలియదు. ఖాళీది టిక్‌మన్నప్పుడు తెలిసిపోతుంది – చప్పుడు రాకముందే కళ్ళు మూస్తాడు. ఖాళీవి కలిసిపోకుండా వాటి అడుగున నా గోళ్ళరంగు రాసేవాడు. ఎన్ని సీసాలు అయిపోయాయో! కళ్ళు చూసే పని నాది. ఆడపిల్ల చూస్తుంటే మగవాడు దాచుకోలేడనేవాడు బాపు.

తాతగారి రైఫిల్ పట్టుకుని ఈయన వచ్చారు. తెల్లచొక్కా. చెమటలు. టిక్‌మంది.

“కండ్లు మూసిండా బిడ్డా?”

“లేదు బాపూ.”

“ఎట్ల మూస్తడు? తుపాకి అటుండె, కండ్లు నీ దిక్కుండె!”

రేంజ్‌లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు ఉప్మా డబ్బా మూత తీయడానికి ఎంతసేపు పట్టిందో. ఆ రైఫిల్ ఎవరికో వెళ్ళిపోయింది. నేను ఈయన ఇంటికి వెళ్ళాను.

అక్టోబరు 17, శుక్రవారం

అబూ సాలింని మందు లేని తూటా ఒకటి అడిగాను. నా మొహం వంక చూసి, ఏమీ అడక్కుండా ఇచ్చాడు. ఎర్ర గోళ్ళరంగు రాశాను. క్లబ్‌లో కోచ్ పక్కనుండగా నేనే రైఫిల్‌లో పెట్టాను, మధ్యలో.

టిక్.

కళ్ళు గట్టిగా మూశారు. పిల్లలు సూదిమందుకు మూసినట్టు. రైఫిల్ ముక్కు నేలకి వంగింది.

మూశానా అని అడిగారు. మూశారు అన్నాను. ఇంకేం అనను? అక్కడ గురి తప్పి గాయపడ్డ దున్న ఏం చేస్తుందో బాపు ఎన్నిసార్లు చెప్పలేదు – “దెబ్బ తిన్న దున్న ఉరకదు బిడ్డా. పొదల జొచ్చి నిలవడ్తది. నువ్వొచ్చేదాంక నిలవడ్తది.”

అక్టోబరు 18, శనివారం

మాట్లాడటం లేదు. పెరుగు కావాలన్నా గిన్నె వంక చూస్తున్నారు.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. టపాకాయలు లేని పండగ. బాల్కనీలో నాలుగు ప్రమిదలు.

మూడు రోజులుగా నాకో పిచ్చి పట్టుకుంది. కుక్కర్ కూత వేస్తే ఈయన కళ్ళు చూస్తున్నాను. పక్క ఫ్లాట్ తలుపు ధడాలుమంటే చూస్తున్నాను. మిక్సీ వేసి పరుగెత్తుకొచ్చి చూశాను. ఒక్కసారీ మూయరే!

“ఏంటే ఆ చూపు?”

దొరికిపోయాను. ఇద్దరం నవ్వాం, అమ్మయ్య. తర్వాత ఆయనే అన్నారు, ప్రమిదలో వత్తి సర్దుతూ. “ముప్పై ఏళ్ళు ఎవరో గీసిన గీతలోనే నడిచాను వసూ. జనవరిలో వెళ్ళి హైదరాబాద్‌లో ఏం చేస్తాను? అపార్ట్‌మెంట్ మీటింగుల్లో కుర్చీలు వేయిస్తాను. ఒక్కసారి తాతగారు నిలబడ్డ చోట నిలబడాలి, అంతే.”

ప్రాణం ఉసూరుమంది.

అక్టోబరు 21, మంగళవారం

పొద్దున్నే చెప్పేశారు. “చిన్నదే తీసుకుంటా.” త్రీ సెవెంటీ ఫైవ్. అక్కడ అంతకంటే చిన్నది ఒప్పుకోరట, అది సరిపోతుందట. ఎవరో కొత్తగా కనిపెట్టినట్టు నాకే చెప్తున్నారు.

ఇంకోటి కూడా. “చివరి రోజున నువ్వే ఖాళీది పెట్టు, నువ్వే చూడు. మూయలేదంటే వెళ్తా. మూశానంటే రానని అబూ సాలింకి నేనే చెప్తా. నీ మాటే మాట.”

నా నెత్తిన పెట్టారు. ఎంత తెలివో!

అక్టోబరు 24, శుక్రవారం

కాగితం మీద రెండు చిల్లులు. లింబన్న పరుగెత్తుకొచ్చాడు – “తగిలినయ్ అక్కా, తగిలినయ్!” తానే కొట్టినంత సంబరం. ఈయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. దారిలో అల్ హైల్‌లో బండి ఆపించి నాకు జూస్ కొనిపెట్టారు. పెళ్ళైన కొత్తలో కోఠీలో చెరుకురసం ఇప్పించిన మొహమే.

అక్టోబరు 31, శుక్రవారం

బాగా కాలుస్తున్నారు. అదే నా భయం.

నవంబరు 4, మంగళవారం

వద్దు అని ఒక్క మాట అంటే మానేస్తారు. మానేసి, పోయేదాకా నన్ను ఒక్క మాట అనరు. అదే నేను భరించలేను. వెళ్ళమంటే... పొదలో నిలబడి ఉంటుంది అది. ఈయన వచ్చేదాకా నిలబడి ఉంటుంది.

బాపు ఉంటే అడిగేదాన్ని. బాపు ఉంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా అనేవాడు. అడగక్కర్లేదు, తెలుసు.

నవంబరు 7, శుక్రవారం

చివరి రోజు. సాయంత్రంలోగా పర్మిట్ కాగితాలకి ఈయన పేరు ఇవ్వాలి అబూ సాలిం. అతను వెనక కుర్చీలో కూర్చున్నాడు. భాభీ, మాఫీ ముష్కిల్, ఫర్వాలేదు, ఏం చెప్పినా సరే అన్నాడు.

తూటాలు నేనే పెట్టాను. గోళ్ళరంగుది రెండోది.

మొదటిది పేలింది. ఈయన బోల్ట్ లాగి మళ్ళీ భుజానికి ఆనించారు. నేను పక్కన నిలబడ్డాను, ఒకప్పుడు నిలబడ్డ చోటే. తెల్లచొక్కా. మెడ మీద చెమట. ఇప్పుడు రాబోయేది ఖాళీదని నాకు తెలుసు, చప్పుడు రాదని తెలుసు, నా చేత్తో పెట్టింది కదా. వేలు బిగుస్తోంది...

టిక్.

నా కళ్ళు మూసుకుపోయాయి.

తెరిచేసరికి రైఫిల్ కింద పెట్టేశారు. మఫ్లు తీసి నా వైపే చూస్తున్నారు. ఆ ఆదివారం చూసినట్టే.

“మూశానా?”

ఇంటికి వెళ్ళాక చెప్తానన్నాను. దారంతా ఇద్దరం రోడ్డు చూశాం.

ఇప్పుడు హాల్లో ఉన్నారు, తాతగారి ఫొటో కింద, అబూ సాలింకి చెప్పడానికి ఫోన్ ముందు పెట్టుకుని. ఎండ బాల్కనీ దాకా దిగింది.

“వసూ, టీ పెడతావా?”

వస్తున్నా అన్నాను. అని కూడా ఇక్కడే రాస్తూ కూర్చున్నాను.