నడుం మీద ఆనించిన గుండు

ఏలూరు,
ఆదివారం.

నాన్నగారికి పెర్సిస్ వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను, మీ అల్లుడుగారు, మీ మనవరాలు పింకీ బాగానే ఉన్నాం. తాడేపల్లిగూడెంలో తమ్ముడింట్లో మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో మీకు సరిగా వినపడదు కాబట్టి ఎప్పటిలాగే ఉత్తరం రాస్తున్నాను.

నడుం పట్టేసిందా అని అడిగారు. లేదండీ. గుండురాయి ఎత్తే సాధనలో మీరు రాసినట్టే తొందరపడలేదు. మొదటి నెలంతా ఇరవై కిలోల ఇసుక మూటతో సరిపెట్టాను. పీఈటీ టీచరుగారు మూటలు మోస్తున్నారని మా స్కూలు పిల్లలు నవ్వుకున్నారు. తర్వాత చిన్న రాళ్ళు. చేతులకి బూడిద రాసుకోవడం, గొంతుక్కూర్చుని రాయిని ముందు ఒళ్ళోకి లాక్కోవడం, అక్కడ రెండు ఊపిర్లు తీసుకోవడం, అన్నీ మీరు చెప్పినట్టే. జిమ్ములో ఇనుముకి పట్టుకోవడానికి పిడి ఉంటుంది. రాయికి పట్టు ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. ఆ వెతుకులాట నాకు భలే నచ్చింది.

ఒక్కటే మొదట్లో అర్థం కాలేదు. ఒళ్ళోంచి తిన్నగా గుండెల మీదికి లాగొద్దు, బిందెలా ఎడం నడుం మీద ఆనించి అక్కణ్ణించి భుజానికి ఎత్తమన్నారు. చేసి చూశాక, కిటుకంతా అందులోనే ఉందని తెలిసింది. వచ్చే కోతల పండుగ పోటీలో గుండు ముట్టుకునే ముందు నేర్పినవారి పేరు చెప్పాలనే ఆనవాయితీ ఉంది కదా, అప్పుడు అందరి ముందూ మీ పేరు చెప్పాలని ఎంత ఆశపడ్డానో.

పోయిన శనివారం దెందులూరులో బస్సు దిగి మన ఊరు వెళ్ళాను. చర్చి గోడవార ఉన్న ఆ గుండుని ఊరంతా ఇప్పటికీ మీ పేరుతో వీరాస్వామి గుండనే అంటున్నారు. నేను ఎత్తబోతుంటే మీ జతగాడు జేమ్స్ బాబాయి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గుండు నడుం మీదికి రాగానే లేచి నిలబడ్డాడు.

"ఇది మగాళ్ళ పద్ధతి కాదమ్మా. మేమెవ్వరం నడుం మీద ఆనించలేదు. ఇలా ఎత్తింది మీ అమ్మొక్కత్తే."

గుండు దించేసి, మిగతాది ఆయనచేత చెప్పించుకున్నాను. గుండుకి మీ పేరొచ్చిన ఏడు పండుగకి మగవాళ్ళంతా ఓడిపోయి భోజనాలకి లేచాక, అంట్లు తోముతున్న అమ్మ ఆ బూడిద చేతులతోనే వచ్చి ఎత్తిందట. ఆడమనిషి ఎత్తిందంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నవ్వుతారని పెద్దలు ఎత్తింది మీరేనని మీ పేరు చెప్పారట. మీరు కాదనలేదట. మళ్ళీ దాన్ని ముట్టుకోనని అమ్మ దగ్గర మాట కూడా తీసుకున్నారట.

నాన్నగారూ, కోపం కన్నా మోసపోయానన్న బాధే ఎక్కువగా ఉంది. చిన్నప్పుడు మీరు గుండు ఎత్తారన్న ఆ కథ మీచేత ఎన్నిసార్లు చెప్పించుకున్నాను. అమ్మ అన్నం వడ్డిస్తూ వినేది. నువ్వూ చూశావా అమ్మా అని ఒకసారి అడిగితే, చూశానే అని నవ్వింది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు నేనెవర్ని అడగను? ఈ నాలుగు నెలలూ మీరు రాసిన ప్రతి కిటుకూ అమ్మదే. ఒక్క ఉత్తరంలోనైనా ఆ సంగతి రాయడానికి మీకు చెయ్యి రాలేదు.

నేనూ ఒకటి దాచాను. ఆ రోజే గుండు ఎత్తాను. భుజం మీదుగా వెనక్కి వేశాను. ముందుగా మీకే చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నాను, తీరా ఎత్తాక చెప్పబుద్ధి కాలేదు.

పండుగకి తమ్ముణ్ణి తోడు తీసుకుని రండి. నేర్పిందెవరని పాస్టరుగారు అడిగినప్పుడు మీరే లేచి చెబుతానంటే, నేను ఆగుతాను. లేకపోతే నేను చెబుతాను. మోకాలికి నూనె రాసుకోవడం మరిచిపోకండి.

ఇట్లు,
వరమ్మ కూతురు
పెర్సిస్