సగం గింజంత వేడి

6 మే 2000, శనివారం

పారమట్టా కమ్యూనిటీ హాల్లో మొదటి క్లాసు. నేర్పేది కురోకి అనే జపనీస్ ఆవిడ. పొట్టిగా, గట్టిగా ఉంది. మిగతావాళ్ళంతా మసాజ్ చేసేవాళ్ళు, నేచురోపతి చదివేవాళ్ళు. కోబాల్ ప్రోగ్రామర్ని నేనొక్కణ్ణే. Y2Kకి ప్రపంచం మునుగుతుందన్నారు, మునగలేదు. నా కాంట్రాక్టు మునిగింది. ఎందుకొచ్చావని అడిగితే మా ఆవిడ కాళ్ళ కోసమన్నాను. అంతకంటే చెప్పలేదు.

పసుప్పచ్చటి దూదిలాంటిది చేతికిచ్చింది. మోక్సా. వాసన చూడగానే వినాయకచవితి గుర్తొచ్చింది. మన మాచిపత్రే, కాకపోతే దాని చెల్లెలు. ఆకు ఎండబెట్టి, నూరి, జల్లిస్తే ఇలా వస్తుందట. దీన్ని వేళ్ళతో నలిపి సగం బియ్యపు గింజంత చెయ్యాలి. ఒంటి మీద నిలబెట్టి అగరబత్తితో అంటించాలి. పేషెంటు వేడి అనగానే వేళ్ళు మూసి ఆర్పెయ్యాలి. ఇంతే విద్య.

ఇంటికొచ్చి చెప్తే, ఆస్ట్రేలియా దాకా వచ్చి అగరబత్తి వెలిగించడం నేర్చుకుంటున్నారా అని శేషు నవ్వింది. మార్చి తర్వాత నవ్వడం ఇదే.

13 మే

నా గింజలు శనగలంత వస్తున్నాయి. కురోకి గారు ఒకటి తీసి అందరికీ చూపించి, ఇది బార్బెక్యూ పొయ్యికి పనికొస్తుంది, మనిషికి కాదు అంది.

20 మే

ముందు మన కాలి మీద చేసుకోవాలని రూలు. మోకాలి కింద పెట్టుకున్నాను. ఆర్పడం ఆలస్యమైంది. చురుక్కుమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

క్లాసయ్యాక ఆవిడకు అసలు సంగతి చెప్పాను. మార్చిలో శేషుకు జ్వరం వచ్చింది, తర్వాత వెన్నుపాము వాచింది, నడుము కింద స్పర్శ పోయింది, కదలిక పోయింది. ఆరు నెలల్లో రానిది ఇక రావడం కష్టమని న్యూరాలజిస్టు అన్నాడు. ఆవిడ టేబుల్ అంతా తుడిచింది. తర్వాత, వేడి అని చెప్పలేని చోట నిప్పు పెట్టకూడదు అంది. మోక్సాకేం తెలియదు, నీకూ తెలియదు, చెప్పాల్సింది పేషెంటే అంది. స్పర్శ ఉన్న చోట చెయ్యి, అంచు దాటొద్దు అంది.

సరే అన్నాను.

3 జూన్

శేషు నడుము మీద బాల్‌పెన్‌తో గీత గీశాను. అదే అంచు. తను బోర్లా పడుకుని తలగడలో మొహం పెట్టుకుంటుంది. గీత పైన పెడితే వేడి అంటుంది. ఆఫీసులో బగ్ ఇలాగే వెతికేవాణ్ణి, ఒక్కో లైనూ దిగుతూ.

24 జూన్

గీత దాటాను. ఒక్క అంగుళమే. కురోకి గారు వద్దన్న సంగతి గుర్తుంది. అయినా పెట్టాను. కాస్త ఆగి శేషు వేడి అంది. మళ్ళీ పెట్టాను. వేడేనండీ అంది.

పాత గీత సబ్బుతో కడిగి కొత్తది గీశాను. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. టీ పెట్టడం మర్చిపోయాను.

15 జూలై

తొడ దాకా వచ్చింది గీత. నాతో పనిచేసిన శ్రీపతి ఫోన్ చేశాడు. ఇక్కడ కొత్తగా GST పన్ను వచ్చింది కదా, బిల్లింగ్ సిస్టమ్స్ మార్చడానికి సిటీలో మనుషులు కావాలట. సెప్టెంబర్లో చూద్దామన్నాను. అప్పటిదాకా ఏం చేస్తావురా అన్నాడు. చేతిలో పనుందన్నాను. పిచ్చెక్కిందని వాళ్ళావిడతో అనే ఉంటాడు. అనుకోనీ.

కురోకి గారికి గీత సంగతి చెప్పలేదు. డాక్టరుకే ముందు చెప్తాను. వాడి మొహం చూడాలి.

5 ఆగస్టు

పిక్క.

12 ఆగస్టు

స్నానం చేయిస్తుంటే శేషు పిక్క మీద బొబ్బ కనిపించింది. నిన్న పెట్టిన చోటే. నిన్న వేడి అంది, వెంటనే ఆర్పాను. ఇంత బొబ్బ వచ్చేదాకా ఎందుకు ఊరుకుందో తెలియదు. నొప్పెట్టలేదా అని అడిగితే కొంచెం అంది. నా వైపు చూడలేదు.

19 ఆగస్టు, సాయంత్రం

ఇరవై ఎనిమిదిన డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఉత్తి మాటలు చెప్తే నమ్మడు, రిజల్ట్స్ కావాలి. పద్ధతి ప్రకారం టెస్ట్ చేద్దామనుకున్నాను. ఉన్నదానికి ఉందని వస్తే చాలదు, లేనిదానికి లేదని కూడా రావాలి. పదేళ్ళు ఈ పనే చేసి తిన్నాను.

అగరబత్తి వెలిగించాను. గదంతా పొగ వాసన. పిక్క మీద గింజ పెట్టాను. అంటించలేదు. ఊరికే కూర్చున్నాను.

వేడి అంది శేషు. నిన్నటికంటే బాగా తెలుస్తోందండీ అంది.

తీసేశానన్నాను.

20 ఆగస్టు

రాయబుద్ధి కావడం లేదు.

28 ఆగస్టు

డాక్టరు శేషును కళ్ళు మూసుకోమని గుండుసూదితో పైనుంచి కిందికి పొడుచుకుంటూ వచ్చాడు. నేను జూన్‌లో మొదట గీసిన చోటు దాటాక శేషు ఏమీ అనలేదు. ఇక ఇంతే అనుకోవాలని మెల్లగా చెప్పాడు. మంచివాడే. నేను ఏ రిజల్టూ చెప్పలేదు.

కారులో ఇంటికి బయల్దేరాం. పెండిల్ హిల్ దగ్గర సిగ్నల్ పడ్డాక తనే మొదలుపెట్టింది. వేడి తెలియదండీ అంది. జూన్‌లో మీరు గీత దాటినప్పటి నుంచీ తెలియదు. గింజ పెట్టగానే మీరు ఊపిరి బిగబడతారు, అది మాత్రం వినిపిస్తుంది. నేను వేడి అనేదాకా వదలరు. ఎంతసేపని అలా ఉంటారు, వినలేకపోయాను అంది.

కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. గ్రీన్ పడినా కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

1 సెప్టెంబరు, వినాయకచవితి

ఇండియన్ షాపులో పత్రి దొరకలేదు. పొట్లంలో మిగిలిన మోక్సా దేవుడి ముందు పెట్టాం. చిటికెడు దాచాను.

మధ్యాహ్నం శేషు వీల్‌చెయిర్‌కి ఎదురుగా కూర్చుని, నా మోకాలి కింద గింజ పెట్టుకుని, అగరబత్తి తన చేతికిచ్చాను. వద్దంది. బతిమాలాను. అంటించింది.

వేడిగా ఉందా అని అడిగింది.

లేదన్నాను.

ఊపిరి బిగబట్టింది. కాలుతోంది. మళ్ళీ అడిగింది.

లేదన్నాను.