ఒక స్వెట్టరు, అమ్మకం నిమిత్తం

అక్కకు నమస్కారాలతో తమ్ముడు రాస్తున్న సంగతులు.

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాం. మీ ఆసుపత్రి వ్యాను నడిపే అతను కూడా బాగున్నాడనీ, జలుబు తగ్గిందనీ, జుట్టు కురచగా కత్తిరించుకున్నాడనీ తెలిసింది. నేను అడగలేదు. అయినా తెలిసింది.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మకు కొత్త అద్దాలు వచ్చాయి, సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది. వంటగదిలో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. అద్దెకుండేవాళ్ళ హక్కుల మీద ఒక చిన్న పుస్తకం దొరికితే, అందులో రెండు పేజీలు ఇంటాయనకు చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని "బాగా చదువుతావయ్యా, గొంతు కూడా బాగుంది" అని తలుపు వేసుకున్నాడు. కుళాయి కింద ఇప్పుడు పెద్ద గిన్నె పెట్టాం.

పార్సెల్ ఆఫీసులో నా పని సంగతి అడిగావు. మొన్న సోమవారం దాకా విదేశాలకు పంపే కౌంటరులోనే ఉన్నాను. జనం బొత్తాలూ, బొమ్మలూ, పాత కళ్ళజోళ్ళూ పట్టుకొచ్చి నా చేత కస్టమ్స్ ఫారం రాయించుకునేవారు. పెట్టెలో ఏముంది, ఖరీదెంత, ఎందుకు పంపుతున్నారు, అందుకునేవారు మీకేమవుతారు, ఇవీ గళ్ళు. ప్రతివాడూ ముందుకు వంగి అదే మాట.

"ఖరీదు కాస్త తగ్గించి రాయవయ్యా. అక్కడ పన్ను వాయగొడతారట."

"అబద్ధం కావాలంటే బయట చాలామంది రాసిపెడతారండీ. ఇక్కడ నిజమే రాస్తాం."

ఎవడో ఒకడు తక్కువ రాస్తే ఆ అనుమానం అందరి పెట్టెల మీదా పడుతుందని వాళ్ళకు చెప్పేవాణ్ణి. వెనక వరుస పెరిగిపోయేది. ఆఫీసులో నాకు ఉపన్యాసం అని పేరు పెట్టారు. "ఉపన్యాసం భోంచేశాడా?" అని అడుగుతారు. నాకేమీ కోపం రాదు. అంటే, వస్తుంది, కానీ అదొక గౌరవమే అనుకుంటాను.

ఇక అసలు ప్రశ్న. ఆ వ్యాను అతనికి అమ్మ అల్లి పంపిన స్వెట్టరు గురించి నీ ఉత్తరంలో ఉన్న భాగాన్ని అమ్మకు చదవలేదు. నేను మాత్రం ఎన్నిసార్లు చదివానో. "ఒక్క స్వెట్టరుకి ఇంత కస్టమ్స్ డ్యూటీ ఏమిట్రా? విప్పి చూసినందుకు ఒక రుసుము, కాగితం రాసినందుకు ఒకటి, గోదాములో పెట్టినందుకు రోజుకింత. అన్నీ కలిపితే ఇంకో రెండు స్వెట్టర్లు వస్తాయి. అంతకన్నా భయమేమిటంటే, ఫారంలో అమ్మకం నిమిత్తం అని ఉందట. వీడికి ఈ దేశంలో ఉన్నది ఉద్యోగం చేసుకునే పర్మిట్, వ్యాపారం చేయకూడదు. డబ్బు కట్టి తెచ్చుకుంటే వ్యాపారం ఒప్పుకున్నట్టు. వదిలేస్తే వచ్చే నెల పర్మిట్ పొడిగించేచోట అడుగుతారు. పంపిన ఆఫీసువాళ్ళు అది బహుమతేనని రాసిస్తే ఒప్పుకుంటామన్నారు. ఇరవయ్యో తేదీ గడువు. నువ్వు రాసిన ఫారంలో ఇలాంటి తప్పు పడదు. ఎవరో కొత్తవాళ్ళు రాసుంటారు, కాస్త కనుక్కో."

చదవగానే నాకు మండిపోయింది. ఓడలో వెయ్యి పెట్టెలు తెప్పించుకునేవాడికి ఒక గుమ్మం, ఒక్క స్వెట్టరు అందుకునేవాడికి ఇంకో గుమ్మం. మొదటి గుమ్మంలో సలాము, రెండో గుమ్మంలో రసీదు. తెరిచింది వాళ్ళు, తెరిచినందుకు డబ్బు కట్టాల్సింది మనం. దీనిమీద ఒక కరపత్రం రాద్దామని కాగితం కూడా తీశాను. నాలుగు వాక్యాలు రాశాక కలం ఆగిపోయింది. ఆ కోపం నిజమే అక్కా, కానీ దాని చాటున నేను నక్కి కూర్చున్నానని తెలుస్తూనే ఉంది.

స్వెట్టరు ఎలా తయారైందో నీకు తెలియదు. "నీ కొలతే వాడికీ సరిపోతుంది" అని నువ్వు రాశావు కదా. అమ్మ దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. పది సాయంత్రాలు నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, అల్లినంత మేరా నా ఒంటికి ఆనించి చూసుకుంది.

"చేతులు చాపరా."

"చాపాను."

"ఆ అబ్బాయి చేతులు నీకన్నా కాస్త పొడవట. అక్క రాసింది."

"అయితే అతన్నే పిలిపించుకో, కొలతకి."

"నీకు మొన్నేగా అల్లాను."

"మొన్న కాదు, ఐదేళ్ళయింది. మోచేతుల దగ్గర నువ్వే రెండుసార్లు అతుకు వేశావు."

"ఒంటరిగా ఉన్నాడురా పాపం. మన పిల్లకి జ్వరమొస్తే మందులు తెచ్చిచ్చినవాడు. తమ్ముడిలాంటివాడని రాసిందిగా."

లాంటివాడు. ఆ మాట మొదటి ఉత్తరంలో ఉంది. రెండో ఉత్తరానికి "లాంటి" ఎగిరిపోయింది. మూడో ఉత్తరంలో ఒట్టి తమ్ముడే. పోనీ అక్కడితో ఆగావా, "వీడికి నీలా ముక్కు మీద కోపం లేదు" అని కూడా రాశావు. అమ్మ అది చదివి నవ్వింది. నాకు జ్వరమొచ్చినప్పుడు బడి మానేసి పక్కన కూర్చున్న అక్కవి నువ్వు. ఇప్పుడు ఎవడి జలుబో తగ్గిందని నాకు రాస్తున్నావు. నీకు జ్వరమొచ్చినప్పుడు మందులు తేవాల్సింది నేను. తెచ్చింది అతను. దానికి కృతజ్ఞత ఉండాలని బుద్ధికి తెలుసు. కడుపులో మాత్రం మంటే ఉంది.

స్వెట్టరు తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. నీ గది చిరునామాతో, అతని పేరుతో పెట్టె కట్టాను. ఫారం తీశాను. అవును, నేనే తీశాను. కొత్తవాళ్ళెవరూ లేరు అక్కా. ఆ అక్షరాలు నావి.

బహుమతి అన్న గడిలో గుర్తు పెడితే, పక్కన అతను నాకేమవుతాడో రాయాలి. తమ్ముడు అని రాయించమని నువ్వు అమ్మకు రాశావు. కలం ఆ గడి మీద పెట్టాను, చెయ్యి కదల్లేదు. దాని కింద అమ్మకం నిమిత్తం అని ఇంకో గడి ఉంది. అక్కడ చుట్టరికం అడగరు. అందులో గుర్తు పెట్టాను. ఖరీదు దగ్గర ఊలు ధర వేసి ఊరుకోలేదు. ఆడవాళ్ళ ఇంటి పనికి విలువ కట్టాలని ఒక పుస్తకంలో చదివానే, దాని ప్రకారం అమ్మ పది సాయంత్రాల కూలీ, అద్దాల ఖర్చులో వంతు, అన్నీ కలిపాను. సిద్ధాంతానికి లోటు రాకుండా రాశాను. డ్యూటీ పడుతుందని తెలుసా అంటే, ఆ లెక్క ఆఫీసు మొత్తంలో నాకన్నా బాగా తెలిసినవాడు లేడు. పడనీ అనుకున్నాను. మా అమ్మ అల్లిన స్వెట్టరు అతనికి ఊరికే ఎందుకు దొరకాలి అనుకున్నాను. పర్మిట్ సంగతి మాత్రం తెలియదు. ఇది నువ్వు నమ్మాలి. నమ్మకపోయినా న్యాయమే.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఉదయమే మా పెద్దమేడం దగ్గరికి వెళ్ళాను. ఆఫీసులో ముద్ర ఆవిడ దగ్గరే ఉంటుంది. సవరణ పత్రం కావాలన్నాను. ఆవిడ నకలు తీయించి చూసింది.

"ఇది నీ రాతేగా?"

"నాదే మేడం."

"ఎందుకు తప్పు పడిందో కారణం రాయాలి. రాయి."

పొరపాటు అని రాశాను. ఆవిడ ఆ కాగితాన్ని చించి బుట్టలో వేసింది.

"పొరపాటంటే చెయ్యి జారడం. నువ్వు నొక్కి పెట్టిన గుర్తు మూడో నకలు దాకా దిగింది. ఊళ్ళోవాళ్ళందరికీ నిజం రాయమని చెప్తావే, ఇప్పుడు రాయి."

ఇంకో కాగితం తీసుకున్నాను. వస్తువు బహుమతి అని, ఖరీదు ఊలు ధర అని, పంపేది మా అమ్మ అని రాశాను. అందుకునేవాడి చుట్టరికం దగ్గర, పంపేవారి కూతురికి తమ్ముడు అని రాశాను. ఆవిడ కళ్ళజోడు పైకి జరిపి చూసింది.

"మరి నీకేమవుతాడు?"

"ఫారంలో అది అడగలేదు మేడం."

ఆవిడ నవ్వు ఆపుకుందో కోపం ఆపుకుందో తెలియలేదు. కారణం గడి చూపించింది. అసూయ అని రాశాను. ఒక్క మాటే. దాని మీద ముద్ర పడింది. నన్ను ఫారాల కౌంటరు నుంచి తీసేసి పెట్టెలకు టేపు వేసే బల్ల దగ్గర పెట్టారు. జీతం తగ్గింది, అమ్మకు చెప్పాను. కారణం కూడా చెప్పాను. అమ్మ రెండు రోజులుగా నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు.

ఆ పత్రాన్ని ఈ ఉత్తరంతో త్వరగా చేరే తపాలాలో పంపుతున్నాను. ఇరవయ్యో తేదీకి ముందే అందుతుంది. గోదాము రుసుము మాత్రం వాళ్ళు మాఫీ చెయ్యరట, దాన్ని నా వచ్చే జీతం నుంచి నీకు పంపుతాను. అతని దగ్గర తీసుకోవద్దు.

నాకు అసూయ తగ్గిందని రాస్తే అది మళ్ళీ అబద్ధపు ఫారమే అవుతుంది. తగ్గలేదు. పత్రం నువ్వు కవరులో పెట్టి ఇస్తే సరిపోదు, కస్టమ్స్ బల్ల దగ్గర అతనే విప్పి సంతకం చెయ్యాలట. అంటే చదువుతాడు. నా ముఖం అతను ఎప్పుడూ చూడలేదు. ఫోటో కూడా పంపొద్దు అక్కా. ముందు ఆ ఒక్క మాట చూడనీ. చూశాక కూడా నేనెవరని అడిగితే, అప్పుడు చెప్పు.

ఇట్లు,
నువ్వు చెయ్యి పట్టుకుని నడక నేర్పిన
నీ తమ్ముడు